ఎల్బీ నగర్ అవతల సిమెంటు కొండ

మా వీధిలో అందరూ నన్ను అడిగేది ఒక్కటే. "హైదరాబాదులో అన్నాళ్లున్నావు కదా, చార్మినార్ చూశావా? గోల్కొండ ఎక్కావా?" చూడలేదు, ఎక్కలేదు. నేను ఉన్నది ఆ ఊరికి తూర్పు వైపున. దిల్‌సుఖ్‌నగర్‌లో గది, ఎల్బీ నగర్ దాటి ఔటర్ రింగు రోడ్డు అవతల పని. ఆ దారి తప్ప అక్కడ ఇంకో దారి నాకు తెలియదు. అయినా నేనొక కొండను చూశాను. ఇనుప చువ్వలుగా ఉన్నది నా కళ్ల ముందే కొండయింది. ఆ సంగతి వెళ్లని వాళ్ల కోసం రాస్తున్నాను.

మాది నిడదవోలు దగ్గర పల్లె. మా ఆయన వీరభద్రం గారు సిమెంటు బొమ్మల మేస్త్రి. గోపురాల మీద దేవుళ్లు, కూడళ్లలో నాయకులు, కల్యాణ మండపాల ముందు ఏనుగులు ఆయన చేతి మీదుగా చాలా లేచాయి. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన పక్కన సిమెంటు మాలు కలిపింది నేను. వీపులు, పీఠాలు, వెనక వైపు బట్టల మడతలు, అంటే చూసేవాళ్లకు కనబడనివన్నీ నేను మెత్తేదాన్ని. ముందు వైపు ఆయనది. రెండేళ్ల కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది. కుడిచేతి వేళ్లు మాత్రం పట్టు బిగించడం మానేశాయి.

చలికాలం చివర్లో మల్లేశ్ ఫోన్ చేశాడు. అతనిది నల్గొండ వైపు ఊరు. ఒకప్పుడు సూర్యాపేట దగ్గర మేం గోపురం పని చేస్తున్నప్పుడు పరంజాలు కట్టేవాడు. ఇప్పుడు కాంట్రాక్టరు, వనస్థలిపురంలో కాపురం. ఒక వినోద పార్కులో కొత్తగా కొండ కడుతున్నారు, కొండలో గుహలు, గుహల్లో నీళ్లు, ఆ నీళ్ల మీద పిల్లలు పడవల్లో తిరగాలి. వేసవి సెలవులకి తెరవాలి. ఇనుప చట్రం నిలబెట్టారు గానీ, దాని మీద సిమెంటుని రాయిలా మలిచే జట్టు పండక్కని సొంత రాష్ట్రానికి వెళ్లి మళ్లీ రాలేదు. మా ఆయన అరుగు మీద మాట్లాడి లోపలికొచ్చి, "బట్టలు సర్దు. పని చూసి చెప్పడానికి రమ్మంటున్నాడు" అన్నారు. చాలా కాలం తర్వాత ఆయన మొహం తేటగా కనబడింది. నేను ఇంకేమీ అడగలేదు.

ఎల్బీ నగర్ చౌరస్తా

బస్సు మమ్మల్ని తెల్లవారుతుండగా దించింది. వంతెన మీద వంతెన, దాని మీద మెట్రో. తల పైకెత్తితే ఆకాశం ముక్కలుగా కనబడింది. వంతెన కింద టిఫిను డబ్బాలు పట్టుకుని రెండు వందల మంది దాకా నిలబడి ఉన్నారు. దాన్ని అడ్డా అంటారు. కూలికి మనుషులు కావలసినవాళ్లు అక్కడికొచ్చి బేరమాడి తీసుకెళ్తారు. మా వైపు కూలీలను ముందురోజు సాయంత్రమే ఇంటికెళ్లి పిలుస్తాం. ఇక్కడ బండి ఆగగానే పదిమంది చుట్టుముడతారు.

మల్లేశ్ మాకోసం వచ్చి అక్కడే తిరుగుతున్నాడు. మేం దగ్గరికెళ్లేసరికి ఎవరినో అడుగుతున్నాడు.

"రాతి పని, బొమ్మల పని తెలిసినోళ్లు ఉన్నరా?"

"చేస్తం సార్. జర ఒకసారి చూపెట్టుర్రి," అన్నాడొక మనిషి.

"చూపెట్టెటోడే ఉంటే నిన్నెందుకు అడుగుత?"

మమ్మల్ని చూసి పరుగున వచ్చాడు. నా చేతిలో సంచీ లాక్కుని, "మీరొచ్చిండ్రు గద అన్నా, ఇగ నాకు రంది లేదు" అన్నాడు. పక్కనున్న ఇరానీ హోటల్లో చాయ్ తాగించాడు. పదిహేను రూపాయల చాయ్ మూడు గుక్కల్లో అయిపోయింది. మా ఊళ్లో గ్లాసెడు ఇస్తారు. రుచి మాత్రం ఒప్పుకోవాలి, పాలు మరిగి మరిగి మీగడలా ఉంది. చప్పరిస్తుంటే మల్లేశ్ అన్నాడు: "రేపే మొదలు పెడదాం. ముందుగాల మీ చెయ్యే పడాలె అన్నా."

మా ఆయన తన కుడిచేతిని శాలువా కింద పెట్టుకుని రోడ్డు మీద బస్సుల్ని చూస్తున్నారు. ఆయన ఫోన్లో చేతి సంగతి చెప్పలేదని అప్పుడు అర్థమైంది. నేను నోరు తెరవబోయాను. మేస్త్రి తన చెయ్యి పోయిందని తానే చెప్పుకోవాలి. ఆ మాట పెళ్లాం నోటి నుంచి వస్తే మా ఆయన మళ్లీ తలెత్తుకోరు. ఊరుకున్నాను.

దిల్‌సుఖ్‌నగర్ గది

మల్లేశ్ మాకు దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో మూడో అంతస్తు గది చూశాడు. ఆ సందు నిండా హాస్టళ్లూ కోచింగు సెంటర్లూ. బాల్కనీల్లో బట్టల కంటే పుస్తకాలే ఎక్కువ ఆరబెట్టినట్టు ఉంటాయి. ఇంటావిడ భ్రమరాంబ గారిది భీమవరం. కింద కర్రీ పాయింట్ నడుపుతారు. నలభై రూపాయలకు ఇద్దరికి సరిపడా పప్పుచారు కట్టిస్తారు. ఆవిడ దుకాణం ముందు ఒకే వరసలో రెండు తెలుగులు వినబడతాయి. "కొంచెం గోంగూర వెయ్యండి" అని ఒకరంటే, "అక్కా, జర పప్పు ఎక్కువెయ్యి" అని వెనకనుంచి ఇంకొకరు. ఆవిడ అటువాళ్లకి అటు మాట, ఇటువాళ్లకి ఇటు మాట తడుముకోకుండా చెబుతారు.

మేం వచ్చిన పని విని ఆవిడ గరిటె ఆపారు.

"మేస్త్రీలు దొరకడం లేదంటే ఎలా దొరుకుతారండి? మా పైన ఉండే పిల్లల్లో సగం మంది నాన్నలు మేస్త్రీలే. ఒకళ్లది సెంట్రింగు, ఒకళ్లది టైల్సు. తమ పని వీళ్లకి వద్దనే కదా ఇక్కడికి పంపారు."

నేను తలూపాను. మా అబ్బాయి ఏలూరులో బ్యాంకులో పని చేస్తాడు. వాడి చిన్నప్పుడు ఇసక కుప్ప మీదికెళ్తే చెవి మెలిపెట్టి ఇంట్లోకి లాక్కొచ్చింది నేనే.

కొండ దగ్గర

మరునాడు కూలి ఆడవాళ్లతో పాటు వ్యానులో వెళ్లాం. పార్కు పేరు రాయను, లోపలి సంగతులు బయట చెప్పొద్దని వాళ్ల నియమం. కొండ మాత్రం చెబుతాను. నాలుగంతస్తుల ఎత్తున ఇనుప చువ్వలు, వాటి మీద వల లాంటి ఇనుప జాలీ. ఎండలో అది తోలు తీసిన పెద్ద జంతువులా నిలబడి ఉంది. కింద పడవల కాలువ పొడిగా ఉంది. దూరంగా పాత రంగులరాట్నం తిరుగుతుంటే పిల్లల కేకలు గాలికి వచ్చి పోతున్నాయి.

మల్లేశ్ తాపీ అందించాడు. మా ఆయన దాన్ని ఎడమ చేత్తో తీసుకుని, కుడి అరచేతిలో పెట్టుకుని, ఎడమ చేతి వేళ్లతో కుడిచేతి వేళ్లను ఒక్కొక్కటే పిడి చుట్టూ మడిచారు. అంతా చూస్తున్నారు. మాలు ఎత్తారు. జాలీ దాకా వెళ్లకుండానే తాపీ జారి కింద రేకు మీద పడింది. ఆ చప్పుడుకి అటూ ఇటూ పని చేస్తున్నవాళ్లు కూడా తిరిగి చూశారు.

"ఏమైందన్నా చేతికి?"

"పక్షవాతం. రెండేళ్లయింది."

మల్లేశ్ తలకున్న టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. "ఫోన్ల ఒక్క మాట చెప్పకపోతివి. మేస్త్రి దొరికిండని పార్కోళ్లకు మాటిచ్చిన."

"చెప్తే రమ్మనేవాడివా?"

మా ఆయన వంగి తాపీని ఎడమ చేత్తో తీసి నావైపు చాపారు.

"సత్యవతి చేస్తుంది. నేను కిందుండి చెబుతాను."

"వదిన చేస్తదా?"

"సూర్యాపేట గోపురం వెనక వైపు బొమ్మలన్నీ ఆవిడ చేసినవే. నువ్వు కట్టిన పరంజా మీద నిలబడే చేసింది. నువ్వు చూడలేదంతే."

ఆయన నన్ను ఒక్క మాట అడగలేదు. అన్నేళ్లలో ఈ సంగతి నలుగురిలో చెప్పడం కూడా అదే మొదలు. నాకు ఒళ్లంతా మండింది, అదే సమయంలో కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండిట్లో ఏది ముందు వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. తాపీ తీసుకున్నాను.

యాదమ్మ

ఈ పనిలో మాలు తడి మీద ఉండగానే మలచాలి. ముందు జాలీలోకి బలంగా కొట్టాలి, ఆ మీద మందంగా మెత్తాలి, గట్టిపడే లోపల గీతలు, పగుళ్లు, గుంటలు దించాలి. జాలీని సరిగా పట్టకపోతే ఎండాక పెంకులా లేస్తుంది. మా ఆయన పొద్దస్తమానం అదే అనేవారు. "పెంకు ఊడితే కింద పడవలో పిల్లలుంటారు. అది గుర్తుపెట్టుకుని కొట్టు."

ఒక్క జత చేతులు చాలవని మొదటి మధ్యాహ్నానికే తెలిసింది. నేను ఒక మూల మలిచేసరికి ఇంకో మూల ఆరిపోయేది. తట్టలు మోసే ఆడవాళ్లలో ఒకామె దించిన తట్ట దగ్గరే ఆగి నా చెయ్యి చూస్తుండేది. పేరు యాదమ్మ. నల్గొండ పల్లె నుంచి వచ్చి పదేళ్లయిందట. ఆ పదేళ్లూ తట్టే.

"ఇలా రా, ఈ పక్క నువ్వు కొట్టు," అని ఇంకో తాపీ ఇచ్చాను.

మల్లేశ్ పరుగున వచ్చాడు. "వద్దు వదినా. మీ సంగతి వేరే. కూలికొచ్చిన ఆడామె తాపీ పడితే మేస్త్రులు పని ఇడిసి పోతరు."

యాదమ్మ తాపీ దించలేదు. మెల్లగానే అంది: "పోనీకి ఏ మేస్త్రి ఉన్నడు సార్ ఈడ?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మల్లేశ్ అటూ ఇటూ చూశాడు. నిజంగానే ఎవరూ లేరు. నవ్వూ కోపమూ కాని మొహంతో వెళ్లిపోయాడు.

ఆమె మొదట మెత్తింది సగం రాలిపోయింది. మళ్లీ కొట్టింది. మా ఆయన నన్ను తిట్టినట్టే ఆమెనీ తిట్టేవారు. నేను తలొంచుకుని వినేదాన్ని గానీ ఆమె ఊరుకునేది కాదు. "పెద్దయ్యా, ఒర్లకు, ఇనబడ్తుంది," అని అరుపులు ఆపమనేది. మా ఊళ్లో మేస్త్రితో అలా మాట్లాడితే పని ఆగిపోతుంది. ఇక్కడ ఆయనే కాస్త తగ్గి మళ్లీ మొదటి నుంచి చెప్పేవారు.

అల్మాస్‌గూడలో ఆదివారం

యాదమ్మ వాళ్లు అల్మాస్‌గూడలో కిరాయికుంటారు. భర్త ఆటో నడుపుతాడు. ఆదివారం నన్ను భోజనానికి పిలిచింది. జొన్నరొట్టె, కోడికూర. కూరలో కారం చూసి నాకు చెమటలు పట్టాయి. మా వైపు అతిథికి ఆకు వేసి, అందరూ నిలబడి, వద్దన్నా మళ్లీ మళ్లీ వడ్డిస్తాం. ఆమె "తినక్కా" అని ఒక్కసారే అని, నా పక్కనే కూర్చుని తనూ తినేసింది. నాకు అదే హాయిగా అనిపించింది.

వాళ్లింటి వెనక రెండు అపార్ట్‌మెంట్ల మధ్య ఇంటంత బండరాళ్లు మిగిలి ఉన్నాయి. మాది డెల్టా. ఎంత తవ్వినా మెత్తని మన్ను, ఆ కింద నీళ్లు. ఇన్నేళ్లొచ్చినా నేను అంత రాయిని చేత్తో తాకి ఎరగను. ఆ మధ్యాహ్నం దాని చుట్టూ తిరిగి తాకి చూశాను. ఎండ తగిలే వైపు గరుగ్గా, పొరలు లేచి ఉంది. కింది వైపు చల్లగా నున్నగా ఉంది. పగులు పైన సన్నగా మొదలై, కిందికొచ్చేసరికి వెడల్పై, ఒకచోట ఉన్నట్టుండి ఆగిపోయింది. మేం కొండ మీద గీస్తున్న పగుళ్లన్నీ పైనుంచి కింద దాకా ఒకే వెడల్పున ఉన్నాయని గుర్తొచ్చింది.

పక్క బండకు వరసగా రంధ్రాలు తొలిచి ఉన్నాయి.

"అవేంటి?" అన్నాను.

"పగలగొడతరు అక్కా. ఈడ గూడ అపార్ట్‌మెంట్ వస్తదంట." ఒక రంధ్రంలో వేలు పెట్టి చూస్తూ అంది: "ఉన్న బండలు తీసేస్తున్నరు. లేని బండలు మనతోని చేపిస్తున్నరు."

ఎండ తగ్గేదాకా ఇద్దరం ఆ రాయికి ఆనుకుని కూర్చున్నాం.

మూసారాంబాగ్

సోమవారం నేను పగుళ్లు ఆ బండ మీద చూసినట్టు దించడం మొదలుపెట్టాను. కింది నుంచి మా ఆయన అరిచారు. "అలా కాదు. తిన్నగా లాగు." నేను వినలేదు. రెండోసారీ మూడోసారీ అరిచారు. "రాయి అలా ఉండదండీ," అన్నాను, వెనక్కి తిరక్కుండానే. ఆ తర్వాత ఆయన గొంతు వినబడలేదు. సాయంత్రం దాకా కుర్చీలో అలాగే కూర్చున్నారు.

మరునాడు ఒంట్లో బాగోలేదని గదిలో ఉండిపోయారు. నేను పని నుంచి తిరిగొచ్చేసరికి గదికి తాళం ఉంది. భ్రమరాంబ గారిని అడిగితే మధ్యాహ్నమే వెళ్లారని చెప్పారు. ఫోన్ చేస్తే ఎవరో తీసి, "పెద్దాయన మూసారాంబాగ్ మెట్రో కింద కూసున్నడమ్మా, మీరు రండి" అన్నారు. ఎల్బీ నగర్ వెళ్లి మెట్రోలో తిరిగొస్తూ, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగడం మరచి తర్వాతి స్టేషనులో దిగేశారట. నేను వెంటనే ఆటోలో వెళ్లాను. ఆయన మెట్ల కింద, జామకాయల బండి పక్కన స్టూలు మీద కూర్చున్నారు. బండి అతనే ఫోన్ తీసింది. కోసిన జామకాయకు ఉప్పూకారం రాసి ఆయన చేతిలో పెట్టాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

మెల్లగా మూసీ వంతెన వైపు నడిచాం. నది నల్లగా, నురగతో, వాసనేస్తూ ఉంది. గోదావరి చూసిన కళ్లకు అది నది అనిపించలేదు. ఆయన పిట్టగోడ పట్టుకుని ఆగారు.

"ఎల్బీ నగర్‌లో బస్సు టిక్కెట్టు తీసుకున్నాను. రేపు ఇంటికి వెళ్తాను సత్యా."

"పని సగంలో ఉంటే మనం ఎలా వెళ్తాం?"

"మనం కాదు. నేను."

నా మీద కోపం వచ్చిందా అని అడిగాను.

"వచ్చింది. నువ్వు చేసినవి బాగా వచ్చాయి, అందుకొచ్చింది." నీళ్ల వైపే చూస్తూ చెబుతున్నారు. "నేను పక్కనుంటే నీ చెయ్యి నా మాటే వింటుంది. ఇన్నేళ్లూ అదే విన్నది. నిన్న వినలేదు. ఇక నేనుంటే పాడుచేస్తాను."

"అన్నం ఎవరు వండుతారు?"

"ఎడమ చెయ్యి ఉందిగా."

మర్నాడు ఎల్బీ నగర్‌లో ఆయన్ని బస్సెక్కించాను. పెళ్లయ్యాక ఆయన ఇంటికి వెళ్లడం, నేను పరాయి ఊళ్లో పనికి ఉండిపోవడం ఎన్నడూ లేదు. బస్సు వెళ్లాక ఆ వంతెన కింద అడ్డాలో మనుషుల మధ్య కాసేపు నిలబడ్డాను. ఒకతను వచ్చి, "ఏం పని జేస్తవమ్మా?" అని అడిగాడు. "రాతి పని," అన్నాను. ఆ మాట నా చెవికే కొత్తగా వినబడింది.

గుహలో నీళ్లు

ఆ తర్వాత మల్లేశ్ ఇంకో ఇద్దరు ఆడవాళ్లను తట్టల నుంచి తప్పించి మాకిచ్చాడు. యాదమ్మ వాళ్లకు నేర్పింది, నాకంటే ఓపిగ్గా. మా ఆయన రోజూ ఫోన్ చేసేవారు. పప్పులో ఉప్పు ఎప్పుడు వెయ్యాలి, మజ్జిగ ఎందుకు పులుస్తోంది, ఇవే ప్రశ్నలు. కొండ గురించి ఒక్కసారీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

పని పూర్తయ్యాక పార్కు ఇంజనీరు వచ్చి గుహ కప్పు అంతా చిన్న సుత్తితో తట్టి చూశాడు. గట్టిగా పట్టిన చోట చప్పుడు ఒకలా ఉంటుంది, లోపల డొల్లగా ఉంటే ఇంకోలా ఉంటుంది. మేం నలుగురం కింద నిలబడి విన్నాం. ఒక్కచోట డొల్ల పలికింది. అది నేను మెత్తిన చోటే. సిగ్గుతో చితికిపోయాను. "ఊకో అక్కా, కొట్టేసి మళ్ల కొడదాం," అని యాదమ్మ పరంజా ఎక్కింది. మళ్లీ కొట్టాం. ఈసారి మంచి చప్పుడు వచ్చింది.

నీళ్లు వదిలిన రోజు ముందు ఇసక బస్తాలతో పడవలు తిప్పారు. చివరి పడవలో మమ్మల్ని ఎక్కమన్నారు. చీకట్లో చల్లగా పడవ సాగుతుంటే, నీటి మీది వెలుతురు కప్పు మీద కదులుతుంటే, యాదమ్మ నా భుజం పట్టుకుని వేలు పైకి చూపించింది. "అగో, అది నా బండ. జర సూడు." పడవ అవతలికొచ్చాక చూస్తే ఆమె ఏడుస్తోంది. బయట మల్లేశ్ నిలబడి ఉన్నాడు. తర్వాతి పనికి ఆమెను మేస్త్రిగానే తీసుకెళ్తున్నానని అప్పుడు చెప్పాడు. ఆమె కన్నీళ్లు తుడుచుకుని ముందు కూలి ఎంతో తేల్చమంది.

ఇల్లు

మా ఆయన బస్టాండుకి వచ్చారు. చిక్కిపోయారు, చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నారు. ఇంటికెళ్లేసరికి అన్నం వండి ఉంది, కాస్త మెత్తబడింది. నాకు వడ్డించి ఎదురుగా కూర్చున్నారు.

"ఫోటోలేవి?"

"లోపల ఫోటోలు తియ్యనివ్వరండి."

"అయితే చెప్పు."

చెప్పాను. జాలీ ఎక్కడ వంగింది, పగుళ్లు ఎక్కడ ఆపాను, యాదమ్మ ఏ రాళ్లు చేసింది, డొల్ల ఎక్కడ పలికింది, అంతా చెప్పాను. చెప్పేది నేనై వినేది ఆయనగా మా ఇంట్లో అంతసేపు ఎప్పుడూ జరగలేదు. కంచంలో చెయ్యి ఎండిపోయింది. చివరికి ఆయన ఒకటే అడిగారు.

"వాన పడితే గుహ నోటి మీద నీళ్లు ఎటు పోతాయి?"

"వెనక్కి. ఆ పైన రాళ్లన్నీ వెనక్కి వాల్చాం. ముందుకి చుక్క కారదు."

ఆయన కళ్లు మూసుకున్నారు. ఆ రాళ్ల మీద వానను చూస్తున్నట్టున్నారు.

"అయితే నిలుస్తుంది," అన్నారు.